కడీల మీది లైకెన్ మాత్: నల్గొండలో పెంపకం డైరీ

లైకెన్ మాత్ అంటే సీతాకోకచిలుకలాంటి ఒక రెక్కల పురుగు. దాని గొంగళి పురుగు ఆకు తినదు. బండల మీద, చెట్ల బెరడు మీద, పాత గోడల మీద అంటుకుని పెరిగే లైకెన్లను (శిలీంధ్రం, ఆల్గా కలిసి బతికే పొరలు), పాకురును గీక్కుని తింటుంది. అందుకే సీతాకోకచిలుకల పురుగులను పెంచిన అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఆకు అయితే తెంపి తెచ్చి వేస్తాం, వాడితే మారుస్తాం. లైకెన్ మూత పెట్టిన డబ్బాలో రెండు మూడు రాత్రులకే కుళ్లుతుంది, దాని వెనకాలే పురుగూ పోతుంది. ఏం పెట్టాను, ఏం చెడింది, ఏం మార్చాను అన్నది కొలతలతో సహా రాస్తున్నాను. ఇదే పని మొదలుపెట్టే వాళ్లు నా దగ్గర పోయినన్ని పురుగులను పోగొట్టకూడదు.

చోటు: నల్గొండ పట్టణం దాటాక పానగల్లు వైపు, మా బావ వాళ్ల బత్తాయి తోట. తోట చుట్టూ పాత రాతి కడీల (నిలువుగా పాతిన రాతి స్తంభాల) కంచె. చాలా కడీలకు ఉత్తరం వైపు నల్లపచ్చటి పాకురు పొర, అక్కడక్కడా బూడిద రంగు లైకెన్ మచ్చలు ఉన్నాయి. జూన్‌లో మొదటి వానలు పడ్డాక ఆ పొర మీద సన్నటి, నల్లటి వెంట్రుకల పురుగులు కనిపించాయి. పొడవు 9 నుంచి 14 మి.మీ.

మొదలుపెట్టే ముందు ఒక మాట. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వైపు లైకెన్లు దండిగా ఉంటాయని అక్కడికి వెళ్లి పురుగులు తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యాల్లోంచి, టైగర్ రిజర్వ్‌ల్లోంచి అనుమతి లేకుండా ఏ జీవినీ తీసుకురాకూడదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, దేవరకొండ కోట రాళ్లను కూడా గీకొద్దు. బండకు అతుక్కుని ఉండే లైకెన్లలో చాలా రకాలు ఏడాదికి ఒక మి.మీ. కూడా పెరగవు. అరచేతి వెడల్పు మచ్చ వెనక ఎన్నో ఏళ్లు ఉంటాయి. సొంత కంచె, సొంత గోడ, అడిగి తెచ్చుకున్న రాయి చాలు.

దశ 1: మూత డబ్బా

ఏర్పాటు: అర లీటరు ప్లాస్టిక్ డబ్బాలు మూడు, మూతకు సూదితో చేసిన రంధ్రాలు, అడుగున తడి టిష్యూ, దాని మీద తోట గట్టున ఉన్న చింతచెట్టు నుంచి రాలిన బెరడు ముక్కలు. ఆ బెరడు మీద బూడిద రంగు ఆకు లైకెన్ (ఆకుల్లా రేకులుగా పెరిగే లైకెన్) ఉంది. పురుగులు 20.

మూడో రోజు పొద్దున లైకెన్ మీద తెల్లటి నూగు బూజు. పురుగులు మూత అంచుకు ఎక్కి కదలకుండా ఉన్నాయి. అడుగున పెంటికలు దాదాపు లేవు, అంటే మేత ముట్టలేదు. ఆ వారంలోనే 7 పోయాయి.

ఏం జరిగిందో తేల్చడానికి డబ్బాలో తేమ మీటర్ పెట్టాను. లోపల 96 శాతం, అదే గదిలో బయట 71. తర్వాత లైకెన్‌నే తూచాను. బంగారం తూచే చిన్న కాటా, 0.01 గ్రా. వరకు చూపించేది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

- ఎండిన లైకెన్ రేకులు: 2.00 గ్రా.
- నీళ్లు చల్లిన పది నిమిషాలకు: 4.90 గ్రా.
- నీడలో, గాలి తగిలేచోట నాలుగు గంటలు ఉంచాక: 2.55 గ్రా.
- మూత డబ్బాలో రాత్రంతా ఉంచాక: 4.72 గ్రా.

గుట్టు ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. లైకెన్ అంటే శిలీంధ్రమూ, ఆల్గా లేదా సయనోబాక్టీరియా కలిసి చేసే కాపురం. తడిసినప్పుడు ఆహారం తయారు చేసుకుంటుంది, ఎండినప్పుడు పని ఆపి ఊరుకుంటుంది. తడీ ఆరుడూ రెండూ మారుతూ ఉండాలి. రోజుల తరబడి తడిలోనే ఉంచితే బలహీనపడుతుంది, బయటి బూజు దాన్ని పట్టేస్తుంది. డబ్బాలో చచ్చింది ముందు లైకెన్, ఆ తర్వాత పురుగు.

మార్పులు:
1. టిష్యూ తీసేశాను.
2. మూత మధ్యలో కత్తిరించి నైలాన్ వల అతికించాను. లోపలి తేమ 74కు దిగింది.
3. తడపడం రోజుకు ఒక్కసారి, సాయంత్రం మాత్రమే.

పురుగులు: 20 – 7 = 13.
ఖర్చు: డబ్బాలు 180, తేమ మీటర్ 250, సన్న బ్రష్‌లు 40. మొత్తం రూ. 470.

దశ 2: నీళ్లు

బూజు ఆగింది. కానీ వారం గడిచేసరికి లైకెన్ రేకుల అంచులు తెల్లగా, గరుకుగా మారాయి. వేలితో రాస్తే పొడి రాలింది. అది బూజు కాదు, బోరు నీళ్లలోని ఉప్పు. నీళ్ల మిషన్లు బాగు చేసే అతని దగ్గర టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతో చూపేది) అడిగి పెట్టి చూస్తే ఇంటి బోరు 1140 చూపించింది. సిమెంటు పిట్టగోడ తగలకుండా పట్టిన వాన నీళ్లు 18.

రోజూ చల్లి ఆరబెడుతున్నామంటే చల్లిన ఉప్పంతా అక్కడే పేరుకుంటుంది. బయట కడీ మీద ఉన్న లైకెన్‌ను గట్టి వాన కడిగేస్తుంది. డబ్బాలో కడిగేవాళ్లు లేరు. పైగా మన జిల్లా బోర్ల ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మి.గ్రా. మించకూడదని దేశ ప్రమాణం. ఆ ఫ్లోరైడ్ ఎంతో టీడీఎస్ మీటర్ విడిగా చెప్పదు. అల్యూమినియం ఫ్యాక్టరీల చుట్టుపక్కల గాలిలోని ఫ్లోరైడ్‌కు లైకెన్లు చచ్చిపోవడం చాలా దేశాల్లో చూశారు. ఆ నీళ్లను ఈ పనిలోంచి పూర్తిగా తీసేయడమే మేలనిపించింది.

పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి నీళ్లు వాడొచ్చు కదా అని మా బావ అడిగాడు. ఆ పద్ధతి తాగడానికి మంచిదే. కానీ పటికలోని సల్ఫేట్ నీళ్లలోనే మిగులుతుంది, మనకు కావాల్సింది ఏ ఉప్పూ లేని నీళ్లు.

మార్పు: వాన నీళ్లు పట్టి మూత ఉన్న బకెట్‌లో నిల్వ చేశాను. వానలు ఆగితే ఫిల్టర్ నీళ్లు, టీడీఎస్ 50 లోపు ఉంటేనే. పాత రేకులను వాన నీళ్లలో ముంచి తీసి ఆరబెట్టాను. కొన్ని తేరుకున్నాయి. తడిపినప్పుడు పచ్చగా మారితే బతికి ఉన్నట్టు. తడిసిన పై పొర పారదర్శకంగా మారి కింది ఆల్గా పచ్చదనం బయటికి కనిపిస్తుంది. ఎంత తడిపినా బూడిద రంగులోనే ఉంటే, గోధుమ రంగుకు తిరిగితే పారేయాలి. ఈ పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు, నేను ఇప్పటికీ రోజూ ఇదే చేస్తున్నాను.

పురుగులు: 13 – 1 = 12.
ఖర్చు: కాటా 450, స్ప్రే బాటిల్ 60. మొదటి నుంచి ఇప్పటిదాకా మొత్తం రూ. 980.

దశ 3: ఏ లైకెన్?

ఇక్కడే ఎక్కువ కాలం పట్టింది. లైకెన్ మాత్ కదా, ఏ లైకెన్ వేసినా తింటుందనుకుంటే పని జరగదు. ఎంత తింటున్నాయో తెలుసుకోవడానికి పెంటికలు లెక్కపెట్టాను. డబ్బా అడుగున తెల్ల కాగితం పరిచి, పొద్దున భూతద్దంతో చూసి లెక్క రాసుకోవడమే. ఒక్కో డబ్బాలో 5 పురుగులు. ఒక మేత తర్వాత ఇంకోటి, మధ్యలో ఒక రాత్రి ఖాళీ.

ఒక రాత్రికి, 5 పురుగులకు, దగ్గర దగ్గరగా:
- కిరాణా దుకాణంలో మసాలాకు అమ్మే రాతిపువ్వు, వాన నీళ్లలో నానబెట్టినది: 3
- చింతబెరడు మీది బూడిద రంగు ఆకు లైకెన్: 22
- మామిడి బెరడు మీది పిక్సైన్ కోకోస్ అనే లైకెన్: 26
- కడీ మీది నల్లపచ్చ పొర: 70

రాతిపువ్వు కూడా లైకెనే. బిర్యానీలో వేస్తాం కాబట్టి విషం ఉండదు, ఏడాదంతా దొరుకుతుంది, అది పనికొస్తే మేత బాధ తీరేది. కానీ ఎప్పుడో ఎండబెట్టి, బస్తాల్లో నెలల తరబడి ఉంచిన సరుకు అది. తడిపితే పచ్చబడదు. రెండో రోజుకే వాసన వచ్చింది. దాన్ని వదిలేయండి.

పిక్సైన్ కోకోస్ పట్టణాల్లోని మామిడి చెట్ల మీద కూడా బాగా పెరుగుతుంది. గుర్తుపట్టడం తేలిక, రాత్రి 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేస్తే పసుపు రంగులో మెరుస్తుంది. అందులోని లైకెక్సాంథోన్ అనే పదార్థం వల్ల ఆ మెరుపు. ఒకే బెరడు మీద పక్కపక్కనే పెరిగే రకాలను వేరు చేయడానికి ఈ టార్చ్ నాకు చాలా పనికొచ్చింది.

బత్తాయి బెరడు సంగతి విడిగా చెప్పాలి. తోటలో చేతికందే ఎత్తులో లైకెన్ ఉంటే ఎవరికైనా అదే ముందు తేవాలనిపిస్తుంది. ఒక డబ్బాలో 5 పురుగులకు అది వేశాను. రెండు రాత్రుల్లో ఐదూ పోయాయి. ఒళ్లు ముడుచుకుని, నోటి దగ్గర తడిగా. బత్తాయి మొదళ్లకు బంక తెగులు రాకుండా బోర్డో పేస్టు పూస్తారు, అంటే మైలుతుత్తం, సున్నం. పైన కొమ్మలకు ఆకుముడుతకూ నల్లికీ మందు కొడుతూనే ఉంటారు. లైకెన్‌కు వేళ్లు ఉండవు, గాలి నుంచి, వాన నుంచి వచ్చిందంతా ఒంటితోనే పీల్చి ఉంచుకుంటుంది. తోటలో కొట్టిన మందు దాంట్లో చేరకుండా ఎలా ఉంటుంది? బత్తాయే కాదు, పత్తి, మిర్చి చేన్ల గట్ల మీది చెట్ల బెరడు కూడా తీసుకోకండి. కడీలను కూడా చూసి ఎంచుకోవాలి. మా కంచెలో మందు డ్రమ్ము పెట్టే చోటికి దగ్గరి కడీల మీద ఒక్క పురుగూ లేదు, దూరంగా బీడు భూమి వైపు ఉన్నవాటి మీదే ఉన్నాయి.

పురుగులు: 12 – 5 = 7. బీడు వైపు కడీల నుంచి కొత్తగా 15 తెచ్చాను. మొత్తం 22.
ఖర్చు: రాతిపువ్వు 80, యూవీ టార్చ్ 600. మొత్తం రూ. 1660.

దశ 4: మేత రాళ్లు

కడీ పొరే మంచి మేత అని తేలాక దాన్ని గీకి వేసి చూశాను. పనికిరాలేదు. గీకిన పొడి తడిస్తే ముద్దవుతుంది, ఎండితే ధూళవుతుంది. పురుగుకు కాళ్లు పట్టుకోవడానికి గరుకు రాయి కావాలి, దాని మీద గట్టిగా అంటుకున్న పొర కావాలి. అందుకని రాయినే మేతగా పెట్టాను. కంచె దగ్గర విరిగి పడి ఉన్న కడీల పెళ్లలు, 10 నుంచి 15 సెం.మీ. పొడవువి, 16 ఏరుకొచ్చాను. నిలబడి ఉన్న కడీని ముట్టుకోలేదు.

16 రాళ్లను నాలుగు జట్లు చేసి, నాలుగు మట్టి మూకుళ్లలో పెట్టాను. ఏ రాత్రికైనా ఒక జట్టు పురుగుల దగ్గర, మూడు జట్లు మిద్దె మీద విశ్రాంతి. రోజు పని ఇలా:

1. సాయంత్రం 6 గంటలకు ఆ రాత్రి జట్టుకు వాన నీళ్లు పొగలా చల్లాలి. రాయి పచ్చబడితే చాలు, బొట్టు జారేదాకా వద్దు.
2. అరగంట ఆగాలి. పైన మెరిసే తడి పోవాలి, పొర మాత్రం మెత్తగా ఉండాలి.
3. రాళ్లను పురుగుల పెట్టెలో, విరిగిన గూనపెంకు పక్కన పెట్టాలి.
4. నా పురుగులు రాత్రి మేసి, తెల్లవారేసరికి పెంకు కిందికి చేరతాయి. పొద్దున రాళ్లు తీసేస్తే పురుగును ముట్టుకునే అవసరమే రాదు.
5. తీసిన రాళ్లు మిద్దె మీదికి. మధ్యాహ్నానికి పూర్తిగా ఆరాలి.

పెంకు పెట్టక ముందు పురుగులు రాళ్ల అడుగునే దాక్కునేవి. పొద్దున ఒక్కోదాన్నీ బ్రష్‌తో తీయాల్సి వచ్చేది. కుబుసం విడిచే ముందు అవి రాయికి పట్టు దారం వేసుకుని కదలకుండా ఉంటాయి. ఆ స్థితిలో లాగితే పోతాయి. మల్బరీ పట్టు పెంచే మా దూరపు చుట్టం ఒకాయన ఈ మాట గట్టిగా చెప్పాడు: “మోల్టింగ్‌ల ఉన్న పురుగును ముట్టద్దు తమ్మీ, ఆకు గూడ వెయ్యద్దు. అన్ని లేసినంకనే వెయ్యాలె.” పట్టు రైతులు ఆ సమయంలో పడక ఆరడానికి సున్నం పొడి చల్లుతారు. ఇక్కడ అది చేయకూడదు, సున్నం పడితే పాకురు పోతుంది. మిగతాదంతా ఆయన చెప్పినట్టే చేశాను, ఫలితం వెంటనే కనిపించింది.

మిద్దె మీద రాళ్లను ఎక్కడ పెట్టాలన్నది ఒక పట్టాన తేలలేదు. ఉత్తరం వైపు నీడ అనుకుని పిట్టగోడకు ఉత్తరాన పెడితే జూన్, జులైలో మధ్యాహ్నం నేరుగా ఎండ తగిలింది. రాయి ఉపరితలం 52 డిగ్రీలు. మన అక్షాంశం 17 డిగ్రీలు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలయ్యే దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికి ఉంటాడు. ఆ నెలల్లో పిట్టగోడకు తూర్పు వైపు పెట్టాలి, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నుంచి నీడ వస్తుంది. ఆగస్టు దాటాక ఉత్తరం వైపుకు మార్చుకోవచ్చు. తూర్పుకు మార్చాక ఉపరితలం 38 దాటలేదు.

ఎంత మేస్తున్నాయో కొలవడానికి రాయి మీద పారదర్శక ప్లాస్టిక్ షీట్ పరిచి, తెల్లబడిన చోటును స్కెచ్ పెన్‌తో గీసి, కింద గ్రాఫ్ కాగితం పెట్టి గడులు లెక్కపెట్టాను. ఒక మోస్తరు పురుగు రాత్రికి 40 నుంచి 60 చదరపు మి.మీ. పొర గీకింది. ఇంకో సంగతి కూడా ఈ గీతల వల్లే బయటపడింది. వానల్లో విశ్రాంతి ఇస్తే నల్లపచ్చ పొర కొన్ని వారాల్లో మళ్లీ పచ్చబడుతుంది. బూడిద రంగు లైకెన్ మచ్చ మాత్రం తిన్నంత మేర తిరిగి రాలేదు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. రాయి మీద పావు వంతు తెల్లబడితే దాన్ని సీజన్ అంతా పక్కన పెట్టేయాలి.

అయితే పాకురు ఒక్కటే వేసి ఊరుకోలేదు. లైకెన్ మాత్‌లు లైకెన్లలోని ఫినాలిక్ పదార్థాలను ఒంట్లో చేర్చుకుంటాయి, అవి పెద్దయ్యాక కూడా ఒంట్లో ఉంటాయి. ఉట్టి పాకురు మీద పెరిగితే పురుగు బతకొచ్చు, కానీ ఆ సరుకు దానికి దొరకదు. ప్రతి జట్టులో ఒక రాయి అయినా లైకెన్ మచ్చలు ఎక్కువ ఉన్నది పెడుతున్నాను.

పురుగులు: 22. ఈ దశలో ఒక్కటీ పోలేదు.
ఖర్చు: మూకుళ్లు 160. మొత్తం రూ. 1820.

దశ 5: చీమలు, ఈగలు, దురద

బయటి నుంచి తెచ్చిన పురుగుల్లో కొన్ని అప్పటికే పరాన్నజీవుల పాలై ఉంటాయి. రెండో దఫా తెచ్చిన 15లో 6 పోయాయి. నాలుగింటి ఒంట్లోంచి బియ్యపు గింజంత తెల్ల పురుగులు బయటికి వచ్చి ముదురు గోధుమ రంగు కోశాలయ్యాయి, వాటి నుంచి ఈగలు వచ్చాయి. మిగతా రెండింటి పక్కన చిన్న తెల్ల గూళ్లు, వాటిలోంచి సన్నటి కందిరీగలు. పట్టు పురుగులకు ఊజీ ఈగ పట్టినట్టే ఇదీ. ఒకసారి లోపల చేరాక చేసేదేమీ లేదు. ఇంట్లో కొత్తగా పట్టకుండా వల కన్ను చిన్నదిగా మార్చాను. బయటి నుంచి తెచ్చినవాటిని విడి పెట్టెలో ఉంచుతున్నాను. ఈ దశలో నష్టం ఉంటుందని ముందే అనుకుని నాలుగు ఎక్కువ తెచ్చుకోవాలనిపిస్తుంది, కానీ కంచె మీద ఉన్నవే కొన్ని. నేను పదిహేనుతో ఆపేశాను.

చీమలు రెండింటిని ఎత్తుకుపోయాయి. పెట్టెలున్న బల్ల కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాక రాలేదు. చీమల మందు గీత మాత్రం ఈ గదిలో గీయొద్దు.

వెంట్రుకలు. ఈ పురుగుల వెంట్రుకలు గుచ్చుకుంటే దురద, దద్దు వస్తాయి. కుబుసాలు, గూళ్లు శుభ్రం చేసేటప్పుడు విరిగిన వెంట్రుకలు గాలిలో లేస్తాయి, అదే ఎక్కువ బాధ. గ్లవ్స్, మాస్క్, నిండు చేతుల చొక్కా వేసుకోండి. గుచ్చుకుంటే రుద్దకుండా సెల్లోటేప్ అతికించి లాగి, సబ్బుతో కడగాలి. కంట్లో పడితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఈ పెట్టెలు పడక గదిలో వద్దు.

మా పక్కింటి పెద్దమ్మకు ఇదంతా చూస్తే టెన్షన్. “గా బొంత పురుగులను ఎవరన్న సాదుతరా బిడ్డా? గోడకు సున్నం గొట్టిస్తె పొద్దుగూకే వరకు ఒక్కటుండది” అంది. ఆమె చెప్పింది నిజమే. దసరా ముందు సున్నమో రంగో పడిన ప్రతి గోడ మీదా పాకురు పోతుంది, పాకురుతో పాటే ఇవీ పోతాయి. పంటను ముట్టవు, బట్టలు కొరకవు, గోడ మీది పాకురు తిని బతుకుతాయని చెప్పి, పెట్టె తెరిచి చూపించాను. వెనక వైపు, ఎవరూ ఆనుకోని గోడకు ఈసారి సున్నం వద్దని ఆమే మేస్త్రీకి చెప్పింది. ఇంత పని చేసి సాధించినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

పురుగులు: 22 – 6 – 2 = 14.
ఖర్చు: సన్న కన్ను వల 140, గ్లవ్స్, మాస్కులు 80. మొత్తం రూ. 2040.

దశ 6: గూళ్లు, మాత్‌లు

పురుగు 24 మి.మీ. దగ్గరికి రాగానే మేత మానేసి పెంకు అడుగున, పెట్టె మూలల్లో చేరింది. తన వెంట్రుకలే పట్టు దారంతో కలిపి పల్చటి గూడు అల్లుకుంది. లోపలి ప్యూపా (మాత్‌గా మారే దశలోని పురుగు) బయటికి కనిపించేంత పల్చన. 14 గూళ్లు కట్టాయి.

సెప్టెంబర్‌లో వానలు తెరిపి ఇచ్చినప్పుడు గదిలో తేమ 45కు పడింది. రెండు ప్యూపాలు ఎండి తేలికయ్యాయి. అప్పటి నుంచి గూళ్ల కింద తడి ఇసుక పళ్లెం పెడుతున్నాను, గూటికి తడి తగలకుండా రెండు అంగుళాల ఎత్తున. తేమ 65 దగ్గర నిలబడింది. ఇంకో ప్యూపా ఎందుకు తెరుచుకోలేదో కోసి చూస్తే లోపల పూర్తిగా తయారైన మాత్, బయటికి రాలేక చచ్చి ఉంది.

వచ్చినవి 11. మొదటి దాని రెక్కలు ముడతలు పడిపోయాయి. నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేక జారి, రెక్కలు విచ్చుకునే సమయంలో కింద పడి ఉంది. పెట్టె నాలుగు వైపులా గోనెపట్ట ముక్కలు వేలాడదీశాక మిగతా పదింటికీ రెక్కలు బాగా వచ్చాయి.

అన్నీ ఒకే జాతి, నెపిటా కన్ఫెర్టా. 1854లో ఫ్రాన్సిస్ వాకర్ వర్ణించిన జాతి, భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఉంది. నారింజ పసుపు రెక్కల మీద నల్లటి పట్టీలు, మచ్చలు. ఒక్కోదాని మీద నలుపు ఒక్కోలా ఉంది. ఒకదానిలో పట్టీలు కలిసిపోయి ముందు రెక్క సగం నల్లగా ఉంటే, ఇంకోదానిలో పసుపే ఎక్కువ. కాబట్టి ఒక్క ఫొటో చూసి జాతి చెప్పకండి, ఒకే చోటివి నాలుగైదు పక్కపక్కన పెట్టి చూడండి. రెక్కలు చాచినప్పుడు అన్నిటికంటే పెద్దది 33 మి.మీ., చిన్నది 26.

కంచె దగ్గర తెల్ల దుప్పటి కట్టి యూవీ టార్చ్ వేస్తే ఇదే జాతి వాలింది. దగ్గర్లో వరి ఉంటే వరికి పట్టే సుడిదోమ, పచ్చదీపపు పురుగులు దుప్పటి నిండా చేరి ఇవి కనిపించవు. వరి కోతలయ్యాక, లేదా పొలానికి గుట్ట అడ్డం ఉన్నచోట వేస్తే మేలు.

ఏడు మాత్‌లను పురుగులు తెచ్చిన కడీల దగ్గరే వదిలాను. రెక్క ముడుచుకుపోయినదాన్ని, మరో మూడింటిని గుడ్ల కోసం ఉంచాను.

ఖర్చు: పది రెట్లు పెద్దగా చూపించే లూప్ (చిన్న భూతద్దం) 250. మొత్తం రూ. 2290.

దశ 7: ఇంట్లో పెట్టిన గుడ్లు

రెండు ఆడవి గుడ్లు పెట్టాయి, వల మీద కొన్ని, రాతి పక్కన కొన్ని. 61 గుడ్లు, వాటిలో 46 పొదిగాయి. పిల్ల పురుగు పొడవు 2 మి.మీ. కూడా లేదు.

ఇక్కడ పాత పద్ధతి మళ్లీ చెడింది. మూడు చోట్ల:

1. వల కన్నులోంచి పిల్లలు బయటికి పోయాయి. 9 కనబడలేదు. వల తీసి పల్చటి మల్లు గుడ్డ కట్టాను.
2. రాయి మీద మిగిలిన నీటి బొట్టులో మునిగి 8 చచ్చాయి. అరగంట ఆగడం పెద్ద పురుగులకు చాలు, వీటికి గంటన్నర ఆగాలి.
3. రాళ్లు మార్చేటప్పుడు బ్రష్‌కు అంటుకుని 6 నలిగాయి. ఇప్పుడు పాత రాయికి ఆనించి కొత్త రాయి పెడుతున్నాను. పాతది ఆరిపోతుంటే పిల్లలు తమంతట తామే తడి రాయి మీదికి నడుస్తాయి, రెండో పొద్దుకు పాతది ఖాళీ.

ఈ వయసులో ఆకు లైకెన్‌ను ముట్టనే లేదు. నల్లపచ్చ పొర మాత్రమే, అదీ బాగా నున్నగా ఉన్నచోట. ఒకసారి కుబుసం విడిచాక లైకెన్ మచ్చల అంచులు కొరకడం మొదలైంది.

పిల్లలు: 46 – 9 – 8 – 6 = 23. తర్వాత ఏ కారణమూ కనిపించకుండా మరో 4 పోయాయి. ఇప్పుడున్నవి 19, పొడవు 6 నుంచి 8 మి.మీ.

మేత రాళ్లు 16లో 5 పావు వంతు దాటాయి, పక్కన పెట్టేశాను. మిగిలిన 11తో మూడు జట్లే వస్తున్నాయి, విశ్రాంతి ఒక రాత్రి తగ్గింది. చలికాలం పొడి గాలికి పాకురు తిరిగి పచ్చబడడం కూడా నెమ్మదించింది. అందుకని 19లో 10ని వచ్చే వారం పెద్దమ్మ వాళ్ల సున్నం వేయని గోడ మీద, సాయంత్రం తడిపాక వదులుతాను. ఆమె ఒప్పుకుంది, ఆ వైపు బట్టలు ఆరేయనని కూడా చెప్పింది. మిగతా 9కి మూడు జట్ల రాళ్లు సరిపోతాయి. వీటి గూళ్లను నడి ఎండాకాలం దాకా ఏ గదిలో ఉంచాలో తేల్చడానికి ఇంట్లో మూడు చోట్ల తేమ, వేడి రోజూ రాసుకుంటున్నాను. ఇప్పటివరకు మట్టి గోడ ఉన్న పాత వంటగదే ముందుంది.